నిరుటి కొమ్మకా, ఈ ఏటి చిగురుకా? తెల్ల తీగ గులాబీ పూత వెనకున్న లెక్క

తెల్ల తీగ గులాబీ పెంచేవారిని అన్నిటికన్నా తికమక పెట్టేది కత్తెర. పూత అయిపోగానే కత్తిరించమని ఒకరంటారు. శీతాకాలం చివరిదాకా ఆగమని మరొకరు చెబుతారు. అసలు ముట్టుకోవద్దని ఇంకొకరి సలహా. ఈ మూడు మాటలూ నిజమే, కాకపోతే మూడూ వేరువేరు మొక్కల గురించి చెప్పినవి. తెల్లగా పూసి, పైకి పాకి, పందిరిని కప్పేసే గులాబీలన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి. పూసే తీరులో మాత్రం ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండదు. ఈ మొక్క ఏ వయసు కొమ్మ మీద పూస్తుందో ఒక్కటి తేల్చుకుంటే చాలు. కత్తిరింపు, ఆధారం, చోటు, పక్కన ఏ మొక్క నాటాలన్న సంగతి, అన్నీ దాని వెంటే తేలిపోతాయి.

నులితీగలు లేని మొక్క ఎలా ఎక్కుతుంది?

బఠాణీకి నులితీగలుంటాయి. చిక్కుడు తన కాండాన్నే కర్రకు చుట్టుకుంటుంది. ఐవీ కాండం నుంచే చిన్న వేళ్లు పుట్టి గోడను కరుచుకుంటాయి. గులాబీకి ఈ మూడింట్లో ఏదీ లేదు. దానికున్నవల్లా పొడవాటి కొమ్మలు, వాటి మీద కిందికి వంగిన ముళ్లు. అడవిలో ఈ కొమ్మ పక్క పొద మీదుగా పైకి లేచి, బరువుకు వాలినప్పుడు ముళ్లు తగులుకుని అక్కడే ఆగిపోతుంది. మరుసటేడు అక్కడి నుంచి మరో కొమ్మ లేస్తుంది. తోటలో ఆ పొద పనిని ఇనుప తీగలు, పందిళ్లు, కమానులు చేయాలి. కొమ్మను కట్టే పని మనిషిది. కట్టకుండా వదిలేసిన మొక్క చావదు, కానీ పూలన్నీ అందనంత ఎత్తున పూసి, కింద రెండు మీటర్లు బోసి కాండం మిగులుతుంది.

క్లైంబర్, ర్యాంబ్లర్, స్పోర్ట్

పాకే గులాబీలను స్థూలంగా మూడు గుంపులు చేయవచ్చు.

క్లైంబర్ల కొమ్మలు లావుగా, కాస్త బిరుసుగా ఉంటాయి. పువ్వు పెద్దది. చాలా రకాలు వేసవి మొదలు నుంచి చలి వచ్చేదాకా విడతలు విడతలుగా పూస్తాయి. వాటి ప్రధాన కొమ్మలు కొన్నేళ్లపాటు చట్రంలా నిలిచి ఉంటాయి. ఆ చట్రం నుంచి ఏటా పుట్టే పక్క రెమ్మల చివర పూత వస్తుంది. అంటే వీటి పూత ఈ ఏటి చిగురుకి. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ష్వార్జ్ 1879లో విడుదల చేసిన మదామ్ ఆల్‌ఫ్రెడ్ కరియేర్ ఈ గుంపులో పేరున్న తెల్ల గులాబీ. తెలుపులో లేత గులాబీ ఛాయ కనీకనిపించకుండా ఉంటుంది. మంచి వాసన. అయిదు మీటర్లు సులువుగా పాకుతుంది.

ర్యాంబ్లర్ల కొమ్మలు సన్నగా, వంచితే వంగేలా ఉంటాయి. మొదలు నుంచే ఏటా కొత్తవి పుట్టి, ఒక్క రుతువులో మూడు నాలుగు మీటర్లు సాగుతాయి. పూలు చిన్నవి, కానీ గుత్తికి పదుల సంఖ్యలో ఉంటాయి. వీటిలో ఎక్కువ రకాలకు ఏడాదికి ఒక్కటే పూత, మూడు నాలుగు వారాలు. ఆ పూత నిరుడు పెరిగిన కొమ్మల నుంచి వస్తుంది. ర్యాంబ్లింగ్ రెక్టర్, బాబీ జేమ్స్, వెడ్డింగ్ డే, ఫెలిసితే పెర్పెత్యూ, కిఫ్ట్స్‌గేట్ ఈ గుంపులోవే.

మూడో గుంపు స్పోర్ట్‌లు. ఒక్కోసారి పొద గులాబీలో ఉన్నట్టుండి ఒక కొమ్మ జన్యు మార్పుతో పొడవుగా సాగిపోతుంది. దాన్ని అంటుకట్టి విడిగా పెంచితే పాకే రకం తయారవుతుంది. జర్మనీలోని కోర్డెస్ సంస్థ 1958లో తెచ్చిన ఐస్‌బర్గ్ పొద నుంచి 1968లో క్లైంబింగ్ ఐస్‌బర్గ్ వచ్చింది ఇలాగే. దీని పూత ముదురు కొమ్మల చట్రం మీద బాగా ఉంటుంది. నాటిన తొలి రెండేళ్లలో గట్టిగా నరికితే ఇలాంటి స్పోర్ట్‌లు మళ్లీ పొదలా మారిపోవచ్చు. ‘ముట్టుకోవద్దు’ అన్న సలహా చాలావరకు ఇక్కడ పుట్టిందే.

ఈ గుంపుల్లో ఇమడనిది బ్యాంక్స్ గులాబీ. చైనా నుంచి 1807లో ఇంగ్లండ్‌లోని క్యూ తోటకు చేరిన తెల్ల ముద్ద రకమిది. ముళ్లు దాదాపు ఉండవు. వసంతంలో అందరికన్నా ముందు పూస్తుంది. రెండు మూడేళ్ల వయసున్న కొమ్మల మీది పొట్టి రెమ్మలకు పూత వస్తుంది. గడ్డకట్టే చలి దీనికి పడదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూంబ్‌స్టోన్ ఊళ్లో 1885లో నాటిన తెల్ల బ్యాంక్స్ గులాబీ ప్రపంచంలోకెల్లా పెద్ద గులాబీ మొక్కగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఒకే ఒక్క మాను నుంచి పందిరి మీదికి వెళ్లి, దాని కింద జనం గుంపుగా కూర్చునేంత మేర పరుచుకుంది.

ఒకే కత్తెర, మూడు ఫలితాలు

ఒక తోటలో మూడు మొక్కలున్నాయనుకుందాం. మదామ్ ఆల్‌ఫ్రెడ్ కరియేర్, ర్యాంబ్లింగ్ రెక్టర్, తెల్ల బ్యాంక్స్ గులాబీ. మూడింటినీ శీతాకాలం చివర, చిగురు కదలడానికి ముందు, నేల నుంచి అర మీటరు ఎత్తుకు నరికేశారు.

మదామ్ ఆల్‌ఫ్రెడ్ కరియేర్ వసంతంలో బలమైన చిగుళ్లు వేస్తుంది. చట్రమంతా పోయింది కాబట్టి తొలి విడత పూత చాలా తగ్గుతుంది. అయినా వేసవి చివరికి కొత్త రెమ్మల మీద కొన్ని పూలు కనిపిస్తాయి. మరుసటేడు కోలుకుంటుంది.

ర్యాంబ్లింగ్ రెక్టర్ ఇంకా జోరుగా పెరుగుతుంది. శరదృతువుకి నాలుగు మీటర్ల కొమ్మలు, నిండా ఆకు. పువ్వు మాత్రం ఒక్కటీ ఉండదు. పూయాల్సిన నిరుటి కొమ్మలు కత్తెరకు పోయాయి కదా. యజమాని ‘ఇంత పెరిగింది, పూయలేదు, ఇంకా కత్తిరించాలి’ అనుకుని వచ్చే శీతాకాలంలో మళ్లీ నరికితే మళ్లీ అదే జరుగుతుంది. తెల్ల ర్యాంబ్లర్ల మీద వచ్చే ‘ఆరోగ్యంగా ఉంది కానీ పూయదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ చక్రమే. ఎరువుతో దీనికి మందు లేదు. ఒక్క శీతాకాలం కత్తెర పక్కన పెడితే నయమవుతుంది.

బ్యాంక్స్ గులాబీ విషయంలో నష్టం రెండు మూడేళ్లది. పొట్టి రెమ్మలు వేసే వయసు మళ్లీ రావాలి కాబట్టి, ఒక వసంతం ఖాళీగా పోయాక కూడా పూత పలచగానే ఉంటుంది.

సరైన వేళలు ఇక్కడి నుంచే తేలతాయి. విడతలుగా పూసే క్లైంబర్‌కి శీతాకాలం చివర పక్క రెమ్మలను రెండు మూడు కళ్లు (చిగురించే మొగ్గలు) ఉంచి కత్తిరిస్తారు. ప్రధాన కొమ్మలను అలాగే ఉంచి, బాగా ముదిరిపోయి పూత తగ్గిన ఒక కొమ్మను మాత్రం మొదలుకంటా తీస్తారు. ర్యాంబ్లర్‌కి పూత ముగిసిన వెంటనే, నడివేసవిలో, పూసిన కొమ్మల్లో మూడింట ఒక వంతును మొదలుకంటా తీసి, ఆ చోటులో ఈ ఏడు పుట్టిన కొత్త కొమ్మలను కడతారు. అప్పుడు కొత్త కొమ్మలకు శరదృతువుదాకా ఎండా గాలీ అందుతాయి. బ్యాంక్స్‌కి పూత తర్వాత బాగా పాతబడిన కొమ్మలను పలచన చేస్తే సరిపోతుంది.

ర్యాంబ్లర్‌ని వేసవిలో కత్తిరించడానికి ఒక మినహాయింపు ఉంది. ర్యాంబ్లింగ్ రెక్టర్ లాంటివి శరదృతువులో చిన్నచిన్న ఎర్రని కాయలు కాస్తాయి. పక్షులు వాటికోసం వస్తాయి. కాయలు కావాలనుకునేవారు పూసిన కొమ్మలన్నీ తీసేయకుండా కొన్నిటిని శీతాకాలందాకా ఉంచుతారు. విడతలుగా పూసే రకాల్లో లెక్క తారుమారవుతుంది. వాడిన పూలను తుంచకపోతే కాయ కట్టడానికి శక్తి మళ్లి, తర్వాతి విడత ఆలస్యమవుతుంది.

కొమ్మను పడుకోబెడితే పూలెందుకు పెరుగుతాయి?

నిటారుగా ఉన్న కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. అది కిందికి దిగుతూ పక్క కళ్లను నిద్రలో ఉంచుతుంది. అందుకే నిటారు కొమ్మలో పైనున్న మూడు నాలుగు కళ్లే మేల్కొంటాయి, పూలు కొసకే పరిమితమవుతాయి. కొమ్మను నేలకు సమాంతరంగా వంచి కట్టినప్పుడు కొస మిగతా కళ్లకన్నా ఎత్తున ఉండదు. దాని పెత్తనం తగ్గి, పొడవునా కళ్లు పగులుతాయి.

లెక్క వేసి చూద్దాం. మూడు మీటర్ల కొమ్మలో కన్నుకీ కన్నుకీ మధ్య 6 సెంటీమీటర్లు అనుకుంటే సుమారు 50 కళ్లుంటాయి. నిటారుగా ఉంచితే నాలుగు పగిలి, రెమ్మకు అయిదు పూల చొప్పున 20 పూలు. పడుకోబెట్టి కడితే సగం కళ్లు పగిలినా 25 రెమ్మలు, 125 పూలు. ఎరువులో, నీటిలో తేడా లేకుండానే. ఒక్కో తోటలో ఈ అంకెలు అటూఇటూ మారినా తేడా మాత్రం ఈ స్థాయిలోనే ఉంటుంది. తీగ గులాబీకి మనిషి చేయగలిగిన పనుల్లో ఇంత ప్రతిఫలం ఇచ్చేది మరొకటి లేదు.

పూర్తిగా సమాంతరంగా వంచాలన్న పట్టింపు అక్కర్లేదు. 45 డిగ్రీలకు వాల్చినా ఫలితం తెలుస్తుంది. ముదిరిన క్లైంబర్ కొమ్మను బలవంతంగా వంచితే మొదలు దగ్గర చీలిపోతుంది, అందుకని కొత్త కొమ్మ లేతగా ఉన్నప్పుడే దారి మళ్లించాలి. స్తంభం మీద పెంచేవారు కొమ్మలను దాని చుట్టూ మెలికలుగా తిప్పడంలోని కిటుకు కూడా ఇదే. కట్టేటప్పుడు మెత్తటి తాడును కొమ్మకూ తీగకూ మధ్య ఒక మెలిక వచ్చేలా వేస్తారు. కొమ్మ లావెక్కినప్పుడు తాడు కోసుకుపోకుండా, గాలికి తీగ ఒరుసుకోకుండా ఆ మెలిక అడ్డుపడుతుంది. కొమ్మను తీగ వెనకకు దూర్చడం కన్నా ముందువైపే కట్టడం మంచిది. వెనక ఇరుక్కున్న కొమ్మను నాలుగేళ్ల తర్వాత తీయాలంటే తీగ తెంచాల్సి వస్తుంది.

జోరుకు తగిన చోటు

ఇంగ్లండ్‌లోని సిస్సింగ్‌హర్స్ట్ కోటలో వీటా శాక్‌విల్-వెస్ట్, హెరాల్డ్ నికల్సన్ దంపతులు పెంచిన తెల్లతోట ప్రపంచమంతా ఎరిగినదే. దాని నడుమ రోజా ములిగని అనే తెల్ల గులాబీ ఒక పందిరిని కప్పి ఉంటుంది. అక్కడ మొదట గులాబీలను బాదం చెట్ల మీదికి ఎక్కించారు. చివరకు ఆ చెట్లే గులాబీల కింద అణగారిపోయాయి. వాటి స్థానంలో ఇనుప పందిరి వేయాల్సి వచ్చింది. గ్లాస్టర్‌షైర్‌లోని కిఫ్ట్స్‌గేట్ కోర్ట్ అనే భవంతి తోటలో 1938లో నాటిన గులాబీదీ ఇలాంటి కథే. అది చెట్లెక్కి, పది మీటర్లు దాటి, ఇంగ్లండ్‌లోని అతి పెద్ద గులాబీల్లో ఒకటైంది. కిఫ్ట్స్‌గేట్ రకానికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

మామూలు తోటకు దీన్ని ఎలా అన్వయించుకోవాలి? 1.8 మీటర్ల ఎత్తు, 5 మీటర్ల పొడవున్న కంచె ఉందనుకుందాం. నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున మొదటి తీగ, ఆ పైన 30 సెంటీమీటర్లకొకటి కడితే 45, 75, 105, 135, 165 దగ్గర మొత్తం అయిదు తీగలు పడతాయి. మొక్కను మధ్యలో నాటితే రెండువైపులా విసనకర్రలా పరచడానికి పది వరుసలు, ఒక్కో వరుస పొడవు 2.5 మీటర్లు. ఏడెనిమిది కొమ్మలుండే క్లైంబర్‌కి ఇది చక్కగా సరిపోతుంది. అదే కంచెకు ర్యాంబ్లింగ్ రెక్టర్ కడితే ఒక్కో కొత్త కొమ్మ నాలుగు మీటర్లు. ప్రతిదీ కంచె దాటి మీటరున్నర వేలాడుతుంది. ఏటా కుదించక తప్పదు, కుదించినకొద్దీ వచ్చే ఏటి పూత తగ్గుతుంది. ఇక్కడ తప్పు మొక్కది కాదు, ఎంపికది. కాటేజీ తోటల (ఇంగ్లండ్ పల్లె ఇళ్ల పెరళ్ల) ఫొటోల్లో ఇంటి కప్పంతా కమ్మేసిన తెల్లపూలు చూసి ర్యాంబ్లర్ కొనేవారు ఆ కప్పు కొలత కూడా చూడాలి.

ఈ వరుసలకు గ్యాల్వనైజ్ చేసిన 2 మిల్లీమీటర్ల మందం ఇనుప తీగ వాడతారు. దాన్ని గోడకు ఆనించకుండా అయిదారు సెంటీమీటర్లు ముందుకు నిలిపితే కొమ్మల వెనక గాలి ఆడుతుంది. కమానుకి వెడల్పు కనీసం 1.2 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు కావాలి. రెండువైపులా కొమ్మలు లోపలికి పొడుచుకొస్తాయి, ముళ్లుంటాయి, మనిషి నడవాలి. తడిసిన ఆకులూ పూలూ, మీద గాలివాన తాకిడీ కలిస్తే బరువు బాగా పెరుగుతుంది. సన్నటి రేకు గొట్టాల కమాను మూడో నాలుగో ఏట వంగిపోవడం మామూలే. కాళ్లు అర మీటరు లోతున పాతాలి. చెట్టు మీదికి ఎక్కించాలంటే బోదె నుంచి కనీసం మీటరు దూరంలో, గాలి వీచే దిక్కున నాటితే గాలే కొమ్మలను చెట్టు మీదికి నెడుతుంది.

నేల, గొయ్యి, అంటు కణుపు

గోడ మొదట్లో నేల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, ఎందుకంటే వాన చాలావరకు గోడకు అవతలే పడిపోతుంది. కాబట్టి మొక్కను గోడ నుంచి 45 సెంటీమీటర్లు ఇవతల నాటి, కొమ్మలను గోడవైపు వాల్చి, వేళ్లను బయటివైపు పరుస్తారు. గొయ్యి 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 లోతు. తవ్విన మట్టిలో బాగా మాగిన కంపోస్టు లేదా పశువుల ఎరువు కలిపి పూడుస్తారు. మాగని ఎరువు లేత వేళ్లను కాలుస్తుంది. నేల కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే గులాబీకి అనుకూలం. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందక లేతాకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. పాత గులాబీ తీసిన గోతిలోనే కొత్తది నాటితే ఎదుగుదల కుంటుపడుతుంది. అక్కడే పెట్టక తప్పదంటే ఆ మేరకు మట్టి మార్చాలి.

అంటు కణుపు ఎంత లోతున ఉండాలన్న దాని మీద రెండు వాదాలున్నాయి. ఎక్కువ గులాబీలు వేరే జాతి వేరుమొక్క మీద అంటుకట్టినవే. ఆ రెండూ కలిసే ఉబ్బు కణుపును నేలలో అయిదు సెంటీమీటర్లు పూడ్చాలని చలిదేశాల తోటమాలులు చెబుతారు. గడ్డకట్టే చలికి పైకొమ్మలు చచ్చినా కణుపు బతికి మళ్లీ చిగురిస్తుందని, గాలికి మొక్క కదలదని వారి కారణం. వెచ్చని, తేమ ఎక్కువున్న చోట్ల పెంచేవారు దాన్ని నేల మట్టానికి పైనే ఉంచుతారు. పూడ్చితే కుళ్లు పడుతుందని, వేరుమొక్క పిలకలు కనిపించకుండా పోతాయని వారి అనుభవం. రెండిటికీ తగిన ఆధారం ఉంది. నేల గడ్డకడుతుందా లేదా అన్నదే ఇక్కడ తీర్పు చెప్పాలి.

నాటిన తొలి ఏడు వానలు లేనప్పుడు వారానికి రెండుసార్లు, మొక్కకు పది లీటర్ల చొప్పున నిదానంగా పోస్తే వేళ్లు లోతుకు దిగుతాయి. రోజూ కాసిన్ని చిలకరిస్తే పైపైనే తిరుగుతాయి. మొదటి రెండేళ్లు పూత తక్కువగా ఉండటం సహజం, మొక్క వేళ్లనూ చట్రాన్నీ కట్టుకునే కాలమది. అప్పుడే కంగారుపడి నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే ఆకు మెత్తగా, దట్టంగా పెరిగి పేనుబంకకు విందవుతుంది.

కాటేజీ తోటలో ఇరుగుపొరుగు

కాటేజీ తోట అంటే ఇంగ్లండ్ పల్లెల్లో కూరలు, మందుమొక్కలు, పూలు, పండ్ల చెట్లు ఒకే మడిలో కిక్కిరిసి పెరిగిన చిన్న పెరడు. తర్వాతి కాలంలో విలియం రాబిన్సన్, గెర్ట్రూడ్ జెకిల్ వంటి తోటల రూపకర్తలు ఆ ఒత్తయిన, స్వేచ్ఛగా కనిపించే నాటుతీరును పెద్ద తోటల్లోకి తెచ్చారు. చూపుకు అదుపులేనట్టున్నా గులాబీ మొదలు దగ్గర మాత్రం కొంత అదుపు కావాలి. మొదలు చుట్టూ అర మీటరు మేర ఎత్తయిన మొక్కలు లేకుండా చూస్తే కొత్త కొమ్మలకు వెలుగు అందుతుంది, గాలి ఆడుతుంది. ఆ అంచుకు అవతల నీలి పూల క్యాట్‌మింట్, హార్డీ జెరేనియం, లావెండర్, ఫాక్స్‌గ్లోవ్ తెలుపుకు బాగా నప్పుతాయి. క్లైంబర్ కింది భాగం ఎంత జాగ్రత్తగా కట్టినా కాస్త బోసిగానే ఉంటుంది. దాన్ని ఇవి కప్పుతాయి.

గులాబీ మీదికి క్లెమాటిస్ తీగను ఎక్కించడం ఈ తోటల్లో పాత అలవాటు. ఇక్కడ కూడా కొమ్మ వయసు లెక్కే పనిచేస్తుంది. విటిసెల్లా గుంపు క్లెమాటిస్ ఈ ఏటి చిగురుకి పూస్తుంది, శీతాకాలం చివర నేల నుంచి 30 సెంటీమీటర్లకు నరికేస్తారు. విడతలుగా పూసే క్లైంబర్‌ను కత్తిరించేదీ అప్పుడే. రెండు పనులూ ఒకే రోజు అయిపోతాయి, చట్రం శుభ్రంగా బయటపడుతుంది. అదే విటిసెల్లాను ర్యాంబ్లర్ మీద ఎక్కిస్తే, నడివేసవిలో ర్యాంబ్లర్ పాత కొమ్మలను తీసే సమయానికి క్లెమాటిస్ మొగ్గలతో వాటికి అల్లుకుని ఉంటుంది. ఒకదాన్ని లాగితే రెండోది తెగుతుంది. మోంటానా రకం జోరు ఇంకా ఎక్కువ, చిన్న క్లైంబర్‌నైతే దాదాపు మింగేస్తుంది. చెట్టెక్కిన, అసలు కత్తిరించని ర్యాంబ్లర్‌కి ఈ చిక్కు లేదు.

తెలుపుకే ఉన్న ఇబ్బందులు

ఎరుపులో దాగే మచ్చ తెలుపులో దాగదు. వాన తర్వాత తెల్లరేకుల మీద చిన్న గులాబీరంగు చుక్కలు, వలయాలు కనిపిస్తే రంగు మారిందని చాలామంది అనుకుంటారు. అవి బోట్రైటిస్ అనే బూజు గుర్తులు. పూర్తిగా విచ్చని మొగ్గ తడిసి, పై రేకులు అతుక్కుని, లోపలే గోధుమరంగుకు తిరిగి కుళ్లడం కూడా రేకులు ఎక్కువున్న తెల్ల రకాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. తరచూ వానలు పడే చోట అయిదు పది రేకుల రకాలు ఇంతకన్నా నయం. రేకుల అంచులు వాన లేకుండానే మాడినట్టుంటే తామర పురుగులను అనుమానించాలి. లేతరంగు పూలంటే వాటికి ఇష్టం. పువ్వును తెల్లకాగితం మీద దులిపితే మిల్లీమీటరు పొడవున్న సన్నటి పురుగులు పాకుతూ కనిపిస్తాయి.

వాడిన పూల సంగతీ చూసి ఎంచుకోవాలి. కొన్ని రకాలు రేకులను శుభ్రంగా రాల్చేస్తాయి. కొన్నిటిలో గోధుమరంగు ముద్దలు వారాల తరబడి గుత్తిలోనే వేలాడతాయి. నిచ్చెన వేస్తేగానీ అందని చోట రెండో రకం కళ్లకు ఇబ్బందే.

నల్లమచ్చ తెగులు రంగు చూసి రాదు, కానీ కిక్కిరిసిన మడిలో త్వరగా పాకుతుంది. దాని బీజాలు మొలకెత్తడానికి ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉండాలి. అందుకే నీళ్లు మొదలు దగ్గర, ఉదయంపూట పోయడం, రాలిన ఆకులు ఏరేయడం పనికొస్తాయి. మందు చల్లాలా వద్దా అన్న చోట అభిప్రాయాలు చీలిపోతాయి. చల్లేవారు ఆకు నిలిస్తేనే వచ్చే ఏటి పూతకు బలం అంటారు. చల్లనివారు అయిదు మీటర్ల ఎత్తున్న మొక్కకు మందు సరిగా అందదని, మేలు చేసే పురుగులు పోతాయని అంటారు. ఇంత పెద్ద మొక్క విషయంలో రెండో మాటకే బరువెక్కువ. తట్టుకునే రకాన్ని ఎంచుకోవడం దీనికి మన్నికైన జవాబు.

పూత మారితే, ఆగితే

తెల్లది నాటితే కొన్నేళ్లకు ముదురెరుపు పూలొచ్చాయన్న మాట అమెరికాలో తరచూ వినిపిస్తుంది. అక్కడ అంటుకు ఎక్కువగా వాడే డాక్టర్ హ్యూయీ అనే వేరుమొక్క పూలవి. పైనున్న తెల్ల రకం బలహీనపడితే కింది నుంచి పిలకలు లేచి పెత్తనం తీసుకుంటాయి. ఎరుపైతే కనీసం వెంటనే తెలిసిపోతుంది. మల్టీఫ్లోరా, లాక్సా వేరుమొక్కలవి తెల్లటి లేదా చాలా లేతరంగు ఒంటిరేకు పూలు. తెల్ల గులాబీ మీద అవి పూస్తే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. ముద్దపూలు ఒంటిరేకువయ్యాయి, రెండో విడత ఆగిపోయింది అన్నప్పుడు ముందుగా వెతకాల్సింది పిలకలనే.

ఒక్కో ఆకులో అయిదు చిట్టాకులుంటే మంచి కొమ్మ, ఏడుంటే పిలక అన్న పాత గుర్తు ఇక్కడ మోసం చేస్తుంది. ర్యాంబ్లింగ్ రెక్టర్ లాంటి వాటి సొంత ఆకులకే ఏడు చిట్టాకులుంటాయి. దీన్ని నమ్మి మంచి కొమ్మలను పీకేసినవారున్నారు. నమ్మదగ్గ పద్ధతి ఒక్కటే. కొమ్మ వెంట కిందికి మట్టి తీసుకుంటూ పోయి, అది అంటు కణుపుకు పైన పుట్టిందా కింద పుట్టిందా చూడాలి. కింద పుట్టినదైతే కత్తిరించకుండా పుట్టిన చోటి నుంచి చీల్చి లాగేయాలి. కత్తిరిస్తే మిగిలిన మొదట్లోని కళ్లు రెండు మూడు పిలకలవుతాయి. కోసిన కొమ్మ నుంచి సొంత వేళ్లతో పెంచిన మొక్కలకు ఈ బెడద లేదు. కాకపోతే తొలి రెండేళ్లు నెమ్మదిగా పెరుగుతాయి.

పేరు తెలియని పాత మొక్క

ఇల్లు మారినప్పుడు తోటలో చిక్కుపడి పాకిన తెల్ల గులాబీ దొరికితే, పేరు తెలియకున్నా పూసే తీరు తెలుసుకోవచ్చు. ఒక ఏడాదంతా ఎండిన కొమ్మలు తప్ప ఏదీ తీయకుండా ఉంచాలి. పూసినప్పుడు గుత్తి కింద కొమ్మను గమనించాలి. బెరడు నునుపుగా, పచ్చగా, మొదలు నుంచి ఒకే సాగులో వచ్చిన కొమ్మ పొడవునా పొట్టి రెమ్మలతో పూసిందంటే అది నిరుటిది, మొక్క ర్యాంబ్లర్. గోధుమరంగు తిరిగి గరుకెక్కిన చట్రం నుంచి పచ్చటి లేత రెమ్మలొచ్చి వాటి చివర పెద్దపూలు పూసి, వేసవి చివర మళ్లీ మొగ్గ కనిపించిందంటే క్లైంబర్. ముళ్లు లేక, వసంతం తొలిదినాల్లోనే పూసి ఊరుకుంటే బ్యాంక్స్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఆ తర్వాత కత్తిరింపు మూడేళ్ల మీద పంచుకోవాలి. బాగా ముదిరిన కొమ్మల్లో మూడో వంతును మొదటి ఏడు, మరో వంతును రెండో ఏడు, మిగిలినవి మూడో ఏడు మొదలుకంటా తీస్తారు. క్లైంబర్‌కి శీతాకాలం చివర, ర్యాంబ్లర్‌కి, బ్యాంక్స్‌కి పూత ముగిశాక. చిక్కుపడిన పొడవాటి కొమ్మను ఒక్కసారిగా లాగితే పక్కనున్న లేత కొమ్మల బెరడు ముళ్లకు చీరుకుపోతుంది. దాన్ని చట్రం మీదే మూరెడు మూరెడు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. మోచేతిదాకా వచ్చే తోలు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగకూడదు. ప్రతి విడత తర్వాత మాగిన ఎరువు వేసి, మొదలుకు తగలకుండా ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన ఆకులో కంపోస్టో కప్పితే, తీసిన కొమ్మల చోట మొదలు నుంచి కొత్తవి లేస్తాయి. అవి వేలిలావున ఉన్నప్పుడే తీగలకు వాల్చి కట్టాలి.